బల్బు కరెంటును తినేస్తుందా?

రెండు టార్చి సెల్లులు, ఒకే రకం టార్చి బల్బులు రెండు, మూడు రాగి తీగముక్కలు సంపాదించండి. బల్బులు మాత్రం లోపల సన్నని తంతువు ఉండే పాత రకానివే కావాలి.

సెల్లులను టార్చిలో ఉన్నట్టే వరుసగా పెట్టండి. ముందు ఒక్క బల్బునే తీసుకోండి. ఒక తీగను దాని అడుగునున్న బొడిపెకు, మరొక తీగను పక్కనున్న లోహపు తొడుగుకు ఆనించండి. రెండు తీగలూ బొడిపెకే తగిలితే బల్బు వెలగదు సరికదా, తీగలు వేడెక్కుతాయి. ఎందుకో తెలుసా? కరెంటు బల్బులోకి పోకుండా దగ్గరిదారిన తిరిగి వెళ్లిపోతుంది.

బల్బు వెలిగిందా? వలయం పూర్తయిందన్నమాట. ఇప్పుడు చెప్పండి: బల్బులోకి పోయే కరెంటు ఎక్కువా, బయటికి వచ్చేది ఎక్కువా?

ఏటా తరగతిలో ఈ ప్రశ్న అడుగుతాను. "పోయేదే ఎక్కువ మాస్టారూ, కొంత బల్బు వాడుకుంటుంది కదా!" అంటారు చాలామంది. చదువుకునే రోజుల్లో నేనూ అలాగే అనుకున్నాను.

అదే నిజమైతే, రెండో బల్బును మొదటిదాని వెనుక వరుసగా కలిపినప్పుడు అది మసకగా వెలగాలి. కలిపి చూడండి. కాంతి తగ్గుతుంది, కాని రెండింటికీ సమానంగానే తగ్గుతుంది! ప్రయోగశాలలో అమ్మీటరు ఉంటే బల్బుకు ముందొకసారి, తర్వాత ఒకసారి కలపండి. ముల్లు రెండుసార్లూ ఒకే అంకె చూపుతుంది.

మరి బల్బుకు వెలుగెలా వచ్చింది? సైకిలు గొలుసును తలచుకోండి. పెడలు తొక్కితే చక్రం తిరుగుతుంది. చక్రం దగ్గర గొలుసు లింకు ఒక్కటైనా తరిగిపోతుందా? చక్రానికి అందేది మీ కాలి శక్తి. తీగలోని ఎలక్ట్రానులూ అంతే. సెల్లులోని రసాయనాల శక్తిని బల్బుకు అందించి, తాము తిరుగుతూనే ఉంటాయి. సెల్లు "అయిపోయింది" అంటే అయిపోయినవి ఎలక్ట్రానులు కావు, రసాయనాల శక్తి.

ఆ ఎలక్ట్రానుల నడక వేగం వింటే నవ్వొస్తుంది. ఒక చదరపు మిల్లీమీటరు మందం ఉన్న రాగి తీగలో 0.3 ఆంపియరు కరెంటు పారుతుంటే, అవి ఒక్క మీటరు జరగడానికి దాదాపు 12 గంటలు పడుతుంది! అయినా బల్బు వెంటనే వెలుగుతుంది. తీగ నిండా ఎలక్ట్రానులు ముందే ఉన్నాయి. వలయం మూయగానే అన్నీ ఇంచుమించు ఒకేసారి కదులుతాయి, గొలుసు లింకుల్లాగా.

ఇప్పుడు వరుసలోని బల్బు ఒకటి ఊడదీయండి. రెండోది కూడా ఆరిపోతుంది. కాని మీ ఇంట్లో ఒక దీపం ఆర్పితే ఫ్యాను ఆగదు. అక్కడ ప్రతిదానికీ వేరే దారి ఉంటుంది. దీన్నే సమాంతర సంధానం అంటాం. రెండు బల్బులనూ అలా కలిపి చూడండి. సెల్లులతోనే సుమా! ఇంటి కరెంటు 230 వోల్టులు, దాని జోలికి పోకండి. ఈసారి ఒకటి ఊడదీసినా రెండోది వెలుగుతూనే ఉంటుంది.