వాన చప్పుడుకు జడుసుకునే పిల్లలు: అపోహలు – వాస్తవాలు

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచేసింది. ఎన్నో కుటుంబాలు మేడల మీద రోజుల తరబడి చిక్కుకుపోయాయి. పాలప్యాకెట్లు, మంచినీళ్లు పడవల్లో రావాల్సి వచ్చింది. ఇలాంటి ప్రతి విపత్తు తర్వాతా పెద్దల నోట ఒక మాట వినిపిస్తుంది: ‘పిల్లలకేం, నాలుగు రోజుల్లో మరిచిపోతారు.’ ఇది అపోహ. జరిగింది చెప్పుకోవడానికి మాటలు చాలని వయసులో భయం వేరే దారుల్లో బయటపడుతుంది. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవుతుంది. మబ్బు పట్టగానే కడుపునొప్పి అంటారు, అమ్మ కొంగు వదలరు, ఆటలో పడవను పదేపదే ముంచుతుంటారు. వీటిని నాటకమనో మొండితనమనో అనుకోవడం పిల్లలకు అన్యాయం చేయడమే. వాళ్లలో ఎక్కువ మంది తేరుకుంటారు, నిజమే. అయితే పక్కనున్న పెద్దలు నిమ్మళంగా ఉండి, తిండికీ నిద్రకూ మళ్లీ ఒక వేళ ఏర్పడిన ఇంట్లోనే అది సులువుగా జరుగుతుంది.

రెండో అపోహ మరింత బలమైనది: పిల్లవాడు తనంతట తాను శాంతించగలడని, కావాలనే శాంతించడం లేదని. అందుకే ‘నోర్మూయ్’ అని గద్దిస్తాం. భయం పుట్టినప్పుడు గుండె దడదడలాడుతుంది, ఊపిరి పైపైనే ఆడుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. ఇదంతా పిల్లవాడి ఇష్టంతో జరిగేది కాదు. ఆ ఉద్రేకాన్ని అదుపు చేసే మెదడు ముందుభాగం పూర్తిగా ఎదగడానికి ఇరవై ఏళ్లు దాటాలి. ప్రకాశం బ్యారేజీ మాటల్లో చెప్పాలంటే, వరద వచ్చింది, గేట్లూ ఉన్నాయి, కానీ వాటిని ఎత్తే మనిషి ఇంకా పని నేర్చుకుంటున్నాడు. అంతవరకూ ఆ పని పక్కనున్న పెద్దవాళ్లే చేయాలి. 1970లలో అమెరికా మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ ట్రోనిక్ చేసిన ప్రయోగంలో తల్లి బిడ్డ ఎదుటే ఉంటుంది, కానీ ముఖంలో ఏ కదలికా లేకుండా ఉండిపోతుంది. బిడ్డ మొదట ఆమెను పలకరించాలని చూస్తుంది, కాసేపటికే కలవరపడి ముఖం తిప్పేసుకుంటుంది. పసిబిడ్డ తన నిబ్బరాన్ని ఎదుటి ముఖంలో వెతుక్కుంటుందని దీన్నిబట్టి తెలుస్తోంది. గద్దిస్తే ఏడుపు ఆగవచ్చు. అది శాంతి కాదు, మరో భయం పాత భయాన్ని అణిచిపెట్టడం.

‘మేం దెబ్బలు తినే పెరిగాం, పాడైపోయామా?’ అనే ప్రశ్న ఇక్కడ తప్పదు. పాడైపోని వాళ్లు ఉన్నారు, కానీ అది దెబ్బల పుణ్యం కాదు. లక్షా అరవై వేల మందికి పైగా పిల్లల సమాచారాన్ని కలిపి చూసిన ఒక సమీక్ష 2016లో వచ్చింది. చేయి చేసుకోవడానికీ దురుసుతనం, దిగులు వంటి ఇబ్బందులకూ సంబంధం ఉందనే అది తేల్చింది. మేలు జరిగిన ఆనవాలు కనిపించలేదు. బడుల్లోనైతే విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దెబ్బలనూ మానసిక వేధింపునూ నిషేధించింది. ‘ఓదారిస్తే గారం ఎక్కుతుంది’ అనేది దీని వెన్నంటే వచ్చే భయం. ఓదార్చడం వేరు, లొంగిపోవడం వేరు. అడిగిన బొమ్మ కొనకుండానే బిడ్డను దగ్గరికి తీసుకోవచ్చు. కొట్టబోయిన చేతిని పట్టుకుని ఆపుతూనే, ‘కోపం వచ్చింది కదూ’ అని మెల్లగా అనవచ్చు. హద్దు అలాగే ఉంటుంది, గొంతు మాత్రమే తగ్గుతుంది.

ఫోన్ చేతికిస్తే వెంటనే ఊరుకుంటారు కదా అంటారు. ఊరుకుంటారు, కానీ భయాన్ని దాటడం నేర్చుకోరు. 3–5 ఏళ్ల పిల్లలపై అమెరికాలో జరిగి, 2022లో వెలువడిన ఒక అధ్యయనం, శాంతపరచడానికి తరచూ ఫోన్ ఇచ్చిన పిల్లల్లో, ముఖ్యంగా మగపిల్లల్లో, ఆ తర్వాతి నెలల్లో ఉద్రేకం ఎక్కువగా ఉందని గమనించింది. ఇక మన ఇళ్లలో జడుసుకున్న బిడ్డకు దిష్టి తీయడం ఉంది. ఉప్పూ మిరపకాయలూ భయాన్ని తీయవు. కానీ ఒడిలో కూర్చోబెట్టుకుని తల నిమిరే అమ్మమ్మ చేయి పనిచేస్తుంది, ఆ చేతిని తీసిపారేయకూడదు. ‘గట్టిగా ఊపిరి పీల్చు’ అనే సలహా కూడా సగమే సరి. గుండె వేగం తగ్గేది ఊపిరి వదిలేటప్పుడు. వేడి పాలను ఊదినట్టు, కాగితం ఫ్యాన్‌ను తిప్పినట్టు మెల్లగా, పొడుగ్గా వదలడం నేర్పాలి. అదీ ఏడుపు మధ్యలో కాదు, ఆటవేళలో. ఏడుపు మధ్యలో చేయాల్సింది ముందు మీరు పొడుగ్గా ఊపిరి వదిలి, బిడ్డ పక్కన కూర్చోవడం.

పీడకలలు, బడికి పోనని భయపడటం, తిండి తగ్గడం నెల దాటినా వదలకపోతే పిల్లల వైద్యుడికి చూపించండి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 పగలూ రాత్రీ పనిచేస్తుంది. ఫోన్ ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.