పొడుగు బోల్టు గట్టిదా?

“పొడుగుదే కొనేస్తే పోలా తాతయ్యా? మర ఎంత ఎక్కువ పడితే పట్టు అంత ఎక్కువ కదా!”

స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం చేస్తున్న మా మనవడు పంపిన వాయిస్ మెసేజి ఇది. వాడు ఈ మధ్య ముచ్చటపడి మెర్సిడెస్ 280 ఎస్‌ఎల్ కొన్నాడు. 1970లలో తయారైంది, రెండు సీట్లది, టాపు తీసి తిరిగే కారు. ఆ వరస కార్లన్నిటినీ ఆర్107 అంటారు. 1971 నుంచి 1989 దాకా వాడుండే ఊరి పక్కనే, సిండెల్‌ఫింగెన్ ఫ్యాక్టరీలో 2,37,287 చేశారట. కారు పుట్టిన ఊరి పక్కనే దాన్ని మళ్ళీ బాగుచేసుకుంటున్నాడన్నమాట. దానికి ఇనప రిమ్ములుంటే, అందం కోసం పాత సామాను దుకాణంలో నాలుగు అల్లాయ్ చక్రాలు పట్టుకొచ్చాడు. బోల్టులు మాత్రం రాలేదు. అదీ సమస్య.

ఒరేయ్ నాన్నా, నీ అనుమానం మన రోడ్ల మీద పెరిగినవాడికి రావలసిందే. మన అంబాసిడర్‌కీ, మారుతి 800కీ హబ్బులోంచి స్టడ్డులు బయటికి పొడుచుకొని ఉండేవి. చక్రాన్ని వాటికి తగిలించి పైన నట్టు బిగించేవాళ్ళం. స్టడ్డు కాస్త పొడుగైతే ఏమవుతుంది? నట్టు దాటి బయటికి కనిపిస్తుంది, అంతే. జర్మనీ వాళ్ళ అలవాటు వేరు. హబ్బులో ఉత్త కంతలే ఉంటాయి, వాటికి లోపల మర ఉంటుంది. బోల్టు బయటి నుంచి చక్రంలోంచి దూరి హబ్బులోకి ఎక్కుతుంది. మన దగ్గర ఫోక్స్‌వ్యాగన్ పోలో ఉన్నవాళ్ళకీ ఇది తెలుసు. ఇక్కడ పొడుగు ఎక్కువైతే ఆ ఎక్కువంతా బండి లోపలికి, నీ కంటికి కనపడని చోటికి పోతుంది. అక్కడ ఏముందో తరవాత చెబుతాను. ముందు, అసలు బోల్టు చేసే పని ఏమిటో చూద్దాం.

బోల్టుల మీద చక్రం వేలాడుతుందని చాలామంది అనుకుంటారు. కాదురా. బోల్టు చక్రాన్ని హబ్బుకేసి అదిమిపెడుతుంది. ఆ రెండు లోహపు ముఖాల మధ్య పుట్టే రాపిడే బండి బరువునీ, బ్రేకు వేసినప్పటి గుంజుడునీ మోస్తుంది. నీ కారు బోల్టు లావు 12 మిల్లీమీటర్లు, మర పిచ్ ఒకటిన్నర మిల్లీమీటరు. దాన్ని 110 న్యూటన్ మీటర్ల దగ్గర బిగించాలి. మీటరు పొడుగు పానా చివర పదకొండు కిలోల మూట వేలాడదీస్తే వచ్చే మెలి అంత. పొడి మరల మీద ఆ మెలి ఒక్కో బోల్టులో సుమారు నాలుగున్నర టన్నుల లాగుడు పుట్టిస్తుంది. చక్రానికి ఐదు బోల్టులు కాబట్టి ఇరవై రెండు, ఇరవై మూడు టన్నుల అదుము. రాపిడి గుణకం 0.15 అనుకున్నా మూడు టన్నుల పైచిలుకు పక్కబలాన్ని ఒక్క చక్రం తట్టుకుంటుంది. నీ కారు మొత్తం బరువే టన్నున్నర చిల్లర. అందుకే గుంతలో పడ్డా చక్రం హబ్బు మీద వెంట్రుకవాసి కూడా జరగదు.

ఈ లాగుడు ఎక్కడ దాక్కుంటుంది? బోల్టు సాగడంలో. ఉక్కు సాగుతుందా అంటావేమో. సాగుతుంది, చాలా కొద్దిగా. చక్రంలో ఇమిడిన ఆ రెండు మూడు సెంటీమీటర్ల బోల్టు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు పైన సాగుతుంది. నోటుపుస్తకం కాగితం మందం కూడా ఉండదు. మళ్ళీ మునుపటి పొడవుకి రావాలని అది పడే పంతమే ఆ నాలుగున్నర టన్నులు. మన పెరట్లో నులక మంచం గుర్తుందా? కొత్తగా అల్లినప్పుడు బిర్రుగానే ఉంటుంది. నాలుగు రోజులు పడుకునేసరికి తాళ్ళు ఒకదాని మీద ఒకటి సర్దుకొని వదులవుతాయి, కాళ్ళవైపు తాడు మళ్ళీ లాగి బిగిస్తాం. బోల్టు కింద ఉన్న రంగు పొరా, తుప్పూ, లోహపు గరుకూ కూడా అలాగే అణిగి సర్దుకుంటాయి. సాగిందే కాగితమంత కూడా లేనప్పుడు, అందులో సగం అణిగిపోతే పట్టులో సగం పోయినట్టే. కొత్త చక్రం వేసిన తరవాత యాభై నుంచి వంద కిలోమీటర్లు తిరిగి, చల్లారాక మళ్ళీ టార్క్ రెంచితో చూడమనేది అందుకే.

వదులైన బోల్టు తనంతట తాను ఎందుకు విప్పుకుంటుందన్నది ఇంజినీర్లను చాలాకాలం తికమకపెట్టింది. బోల్టు నిలువునా అదిరితే విప్పుకుంటుందని అనుకునేవారు. గెర్‌హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజినీరు 1969లో ప్రయోగం చేసి చూపించాడు: అసలు దొంగ అడ్డం కదలిక. బిగించిన రెండు ముక్కలు పక్కకి కొంచెం కొంచెం జరగడం మొదలైతే మరలోని రాపిడి తెగిపోయి, బోల్టు చెయ్యి పెట్టకుండానే తిరిగిపోతుంది. అదుము చాలినంత ఉంటే జరగడమే ఉండదు. కాబట్టి పట్టంతా లాగుడులో ఉంది, పొడుగులో కాదు.

ఇప్పుడు నీ ప్రశ్నకి వస్తున్నా. మర ఎక్కువ పడితే పట్టు ఎక్కువా? కొంతదాకా అవును. ఆ తరవాత కాదు. బోల్టు లాగినప్పుడు హబ్బులోని చుట్లన్నీ బరువు సమానంగా పంచుకోవు. ముందున్న మొదటి చుట్టే మూడో వంతు మోస్తుంది. రెండోది అంతకన్నా తక్కువ, మూడోది ఇంకా తక్కువ. ఏడు, ఎనిమిది దాటాక ఉన్న చుట్లు దాదాపు ఊరికే కూర్చున్నట్టే. ఉక్కులో ఉక్కు బోల్టుకి, దాని లావు ఎంతో అంత లోతు మర పడితే చాలు: నీకు 12 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా ఎనిమిది చుట్లు. జర్మనీలో చక్రాల తనిఖీకి వాడే కనీసపు లెక్క ఇంకాస్త తక్కువ. ఒకటిన్నర పిచ్ ఉన్న 12 బోల్టుకి ఆరున్నర చుట్లు, 14 బోల్టుకి ఏడున్నర. ఫియాట్ ఎక్స్1/9 లాంటి ఇటలీ కార్లలో మర సన్నం, పిచ్ 1.25 మిల్లీమీటర్లు. వాటికి ఎనిమిది చుట్లు అడుగుతారు. మిల్లీమీటర్లలోకి మార్చి చూడు, అన్నీ బోల్టు లావులో సుమారు ఎనభై శాతం దగ్గరే ఆగుతాయి.

పొట్టి బోల్టు ప్రమాదం అందరికీ అర్థమవుతుంది. ఇనప రిమ్ము వత్తిన రేకు, బోల్టు కూర్చునే చోట పలచన. అల్యూమినియం ఉక్కుతో పోలిస్తే మెతక, బిరుసుదనం మూడో వంతే. అందుకని అల్లాయ్ చక్రాన్ని అక్కడ చాలా మందంగా పోస్తారు. ఇనప రిమ్ము బోల్టునే అల్లాయ్‌కి వేశావనుకో, ఆ మందంలోనే బోల్టు సగం అయిపోయి హబ్బులో రెండు మూడు చుట్లు మాత్రం పడతాయి. రెంచి క్లిక్కుమనొచ్చు కూడా. తరవాత ఏదో ఒక మలుపులో మర కోసుకుపోతుంది.

పొడుగు బోల్టు ప్రమాదం మాత్రం గుట్టుగా ఉంటుంది. నీ కారు వెనక చక్రాలకి డిస్క్ బ్రేకులే గానీ, ఆ డిస్కు నడుమ గిన్నెలాంటి భాగంలో ఒక చిన్న డ్రమ్ము ఉంది. పార్కింగ్ బ్రేకు షూలు, స్ప్రింగులు అందులో ఉంటాయి. హబ్బు తిరుగుతుంది, షూలు తిరగవు. బోల్టు మొన హబ్బు వెనక నుంచి అవసరానికి మించి పొడుచుకొస్తే చక్రంతో పాటు తిరుగుతూ నేరుగా ఆ సామాను మీదికి పోతుంది. అదృష్టం బాగుంటే చక్రం చేత్తో తిప్పగానే టక్కుమని ఆగుతుంది. బాగోకపోతే ఇంజిను బలంతో స్ప్రింగులు తెగి, ముక్కలు ఇరుక్కొని, నడిరోడ్డులో వెనక చక్రం పట్టేస్తుంది. ముందు చక్రాల్లో ఈ షూలు లేవు. అందుకే కొందరు ముందు చక్రానికి పెట్టి చూసి సరిపోయిందనుకుంటారు. చూడాల్సింది వెనక. ఇంకొన్ని కార్లలో కంత వెనకవైపు మూసి ఉంటుంది. అక్కడ పొడుగు బోల్టు అడుగు తగిలి ఆగిపోతుంది. పానాకి గట్టిగానే తగులుతుంది, చక్రం మాత్రం వదులుగానే ఉంటుంది. ఇంతకన్నా మోసం ఇంకోటి లేదు.

మరి ఎంత పొడవు కొనాలి? నన్నడిగినా, కేటలాగునడిగినా చిక్కే. అమ్మేవాళ్ళలో ఒకరు గుండ్రటి సీటు కింద నుంచి కొలుస్తారు, ఒకరు సీటుతో కలిపి కొలుస్తారు. రాసిన అంకె ఒకటే అయినా బోల్టులు వేరు. అందుకని బోల్టునే కాకుండా, చక్రం వెనక నుంచి బయటికి వచ్చే మొననీ కొలువు. ఫ్యాక్టరీ వాళ్ళు ఇచ్చిన ఇనప రిమ్ము, దాని అసలు బోల్టు నీ దగ్గరే ఉన్నాయి కదా. రిమ్మును బల్ల మీద బోర్లించకుండా నిలబెట్టి, బోల్టును కంతలో సీటు ఆనేదాకా నెట్టి పట్టుకో. వెనక, హబ్బుకి ఆనుకునే ముఖం నుంచి మొన ఎంత బయటికి వచ్చిందో వెర్నియర్ కాలిపర్ తోకతో కొలిచి రాసుకో. కంపెనీ వాడు ఆ హబ్బుకి, ఆ డ్రమ్ముకి తగినదని ఒప్పుకున్న పొడవు అది. ఇప్పుడు అల్లాయ్ చక్రంలో కొత్త బోల్టు పెట్టి చూడు. మొన అంతే రావాలి. ఒక మిల్లీమీటరు అటూ ఇటూ ఫరవాలేదు. దుకాణంలో దొరికే సైజులు నీ కొలతకి అచ్చంగా కుదరవు కూడా. రెంటి మధ్యా పడితే పొట్టిదానివైపు మొగ్గు, చుట్లు ఆరున్నరకి తగ్గకుండా ఉంటేనే సుమా. హబ్బుకీ చక్రానికీ మధ్యలో స్పేసర్ బిళ్ళ వేస్తే దాని మందం ఎంతో బోల్టు పొడవు అంత పెరగాలి. నువ్వు మాత్రం వెయ్యకు, నాకవి నచ్చవు.

కొలత కుదిరాక బండి మీద పరీక్ష. ముందు చక్రాలకి అడ్డం పెట్టి, వెనక భాగం జాకీతో లేపి స్టాండ్ల మీద నిలబెట్టు. జాకీ ఒక్కదాన్నీ నమ్మొద్దు. గేరు న్యూట్రల్‌లో పెట్టి పార్కింగ్ బ్రేకు వదిలెయ్. బోల్టును వేళ్ళతోనే బిగించు, సీటు ఆనగానే ఆపి వెనక్కి విప్పుతూ చుట్లు లెక్కపెట్టు. మొన చివర మర సరిగ్గా లేని ఒక చుట్టు లెక్కలోకి రాదు. తరవాత ఐదూ పెట్టి, చేత్తో చక్రం నాలుగు చుట్లు తిప్పు. గీరిన చప్పుడు వస్తే ఆపు. చప్పుడు లేకపోతే నక్షత్రం గీసే వరసలో, ఒకటి విడిచి ఒకటి, రెండు విడతల్లో బిగించు. పార్కింగ్ బ్రేకు ఒకసారి వేసి, వదిలి, మళ్ళీ తిప్పి చూడు.

పొడవు సంగతి చూసేవాళ్ళు సీటు ఆకారం మర్చిపోతుంటారు. నీ బోల్టు మెడ కింద గుండ్రంగా, బంతిలో ముక్కలా ఉంటుంది, దాని వ్యాసార్ధం 12 మిల్లీమీటర్లు. బజారులో దొరికే చాలా అల్లాయ్‌లకి ఏటవాలు శంకువు సీటు. శంకువు బోల్టును గుండ్రటి గుంటలో పెడితే అది ఒక సన్నటి గీత మీదే ఆనుతుంది. నాలుగున్నర టన్నులూ ఆ గీత మీద పడి అల్యూమినియం నలుగుతుంది, నలిగాక పట్టు జారుతుంది. సీటు మీద కాస్త మసి రాసి బిగించి విప్పితే చుట్టూ వెడల్పుగా మచ్చ పడాలి. సన్నటి వలయం పడితే ఆ బోల్టు తిరిగి ఇచ్చెయ్.

తల మీద అంకె చూడు: 10.9 లేదా 8.8 ఉంటుంది. పాయింటుకి ముందున్న అంకె తెగే బలం, వందల మెగాపాస్కళ్ళలో. తరవాతి అంకె ఆ బలంలో ఎంత వంతు దగ్గర శాశ్వతంగా సాగిపోతుందో చెబుతుంది. తళతళలాడే స్టెయిన్‌లెస్ బోల్టులు ఆన్‌లైన్‌లో నిన్ను పిలుస్తుంటాయి, వెళ్ళకు. మరలకి నూనె కూడా వద్దు. పానాకి నువ్వు పెట్టే మెలిలో సుమారు సగం సీటు రాపిడికీ, నలభై శాతం మర రాపిడికీ పోయి, పదో వంతే సాగదీతకి మిగులుతుంది. నూనె పోసి రాపిడి తగ్గించావంటే అదే 110 దగ్గర బోల్టు అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ సాగుతుంది. వైర్ బ్రష్షుతో తుడిచి, పొడిగా ఎక్కించు.

ఆ చక్రాల కాగితాలు కూడా సంపాదించు. రెండేళ్ళకోసారి జరిగే తనిఖీలో, కారుకు మొదట్లో లేని చక్రాలకి ఏ బోల్టు వెయ్యాలో రాసిన పత్రం అడుగుతారు. ఇలాంటి విషయాల్లో జర్మన్ల చాదస్తం నాకు భలే ఇష్టం.

ఇక డిక్కీలో ఉన్న స్టెప్నీ. నాలుగు చక్రాలూ అల్లాయ్ అయ్యాయి గానీ అది ఇంకా ఇనప రిమ్మే కదా? పంక్చరైన రాత్రి, వానలో, నువ్వు అల్లాయ్‌లోంచి తీసిన పొడుగు బోల్టులే దానికి బిగిస్తావు. చేతిలో ఉన్నవి అవే మరి. అప్పుడు పంక్చర్ వెనక చక్రానిదైతే మొనలు నేరుగా షూల మీదికే. కాబట్టి పాత పొట్టి బోల్టులు అమ్మేయకు. ఐదు లెక్కపెట్టి గుడ్డసంచిలో వేసి, సంచిని స్టెప్నీ నడిమి కంతకే కట్టెయ్. పైన చీటీ మీద తెలుగులో రాసినా ఫరవాలేదు. ఆ కారు నువ్వే నడుపుతావుగా.