బెజవాడ సూరీడి రికార్డులు

ఏడాదిలో అతి పెద్ద ఊపు 47 డిగ్రీలు! బెజవాడ అక్షాంశం 16.5 డిగ్రీలు. డిసెంబరు 21 మిట్టమధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 50 డిగ్రీల ఎత్తు దగ్గరే ఆగిపోతాడు. జూన్ 21న నడినెత్తి దాటి ఉత్తరానికి 7 డిగ్రీలు ఒరుగుతాడు. డాబా మీది సోలార్ ప్యానెల్ మాత్రం బిగించిన చోటే ఉంటుంది.

అతి పొట్టి నీడ: సున్నా. మే 6, ఆగస్టు 7 దరిదాపుల్లో మధ్యాహ్నం నిటారు స్తంభానికి నీడే పడదు. ఢిల్లీకి ఈ భాగ్యం ఒక్కనాడూ లేదు!

మధ్యాహ్నపు నీడల్లో పొడవైనది డిసెంబరు 21ది. 20 మీటర్ల తాటిచెట్టుకు దాదాపు 17 మీటర్లు. అదే చెట్టుకు జూన్ 21న రెండున్నర మీటర్లలోపే, అదీ దక్షిణం వైపు. ఇక డాబాపై మీటరు ఎత్తు పిట్టగోడను చూడండి. జూన్‌లో 12 సెంటీమీటర్ల నీడ, డిసెంబరులో 84 సెంటీమీటర్లు ఉత్తరానికి పాకుతుంది. దక్షిణపు పిట్టగోడను ఆనుకుని ప్యానెళ్లు పెడితే చలికాలం యూనిట్లు పడిపోయేది ఇందుకే. ఒక్క ప్యానెల్ అంచున పడిన నీడ వరుస మొత్తాన్నీ దెబ్బతీయగలదు.

వాలు తెచ్చే గరిష్ఠ లాభం 20 శాతం! డిసెంబరు మధ్యాహ్నం బల్లపరుపుగా పరిచిన ప్యానెల్ నేరుగా వచ్చే ఎండలో 77 శాతమే అందుకుంటుంది. దక్షిణానికి 16.5 డిగ్రీలు వాల్చితే 92. జూన్‌లో తిరగబడుతుంది: బల్లపరుపుది 99, వాలుది 92. అయినా వాలుదే గెలుపు. చలికాలపు ఎండ నిర్మలం, జూన్ ఎండకు మబ్బుల అడ్డు. పైగా వాలు మీది దుమ్మును వానే కడిగేస్తుంది.

యూనిట్లు కాజేసే పెద్ద దొంగ మే నెల వేడి. 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకీ 0.3 నుంచి 0.4 శాతం కోత. ప్యానెల్ 65 డిగ్రీలకు కాగితే 12 నుంచి 16 శాతం హుష్! సూర్యుడు నెత్తిమీదున్న నెలలోనే ఈ నష్టం.

సూర్యుడి పరుగు మార్చి 20 వేళ అత్యంత వేగం: మధ్యాహ్నపు ఎత్తు రోజుకు 0.4 డిగ్రీలు పెరుగుతుంది. అతి నెమ్మది డిసెంబరు మూడో వారం, కదలికే కనిపించదు. సంక్రాంతికి పెరిగేదీ రెండు డిగ్రీలే.

ఆలస్యపు మధ్యాహ్నం ఫిబ్రవరిలో 12:22కు, తొందర మధ్యాహ్నం నవంబరు మొదట్లో 11:51కే!

తెలుగు నేలపై భారీ పంటల్లో కర్నూలు సోలార్ పార్కుది ఒకటి: 1,000 మెగావాట్లు. 2017లో ఒకే చోట ఉన్నవాటిలో ప్రపంచంలోనే పెద్దది. ఆ కిరీటం తర్వాత చేతులు మారింది.

రాతి నీడగడియారాల్లో ప్రపంచ విజేత జైపూర్ సమ్రాట్ యంత్రం, ఎత్తు 27 మీటర్లు. దాని వాలు ఆ ఊరి అక్షాంశమే, 27 డిగ్రీలు. బెజవాడ డాబాపై 16.5 డిగ్రీల్లో వాల్చిన ప్యానెల్, 18వ శతాబ్దపు ఆ రాతికట్టడం, రెండూ భూమి అక్షానికి సమాంతరమే!