పాత కీబోర్డుకు కొత్త గొంతు

అమెరికాలోని సిన్సినాటి నగరంలో 1960ల మధ్యకాలంలో రీడ్ గజాలా అనే కుర్రాడు మూత ఊడదీసిన చిన్న ట్రాన్సిస్టర్ యాంప్లిఫైయర్‌ను బల్ల సొరుగులో పడేశాడు. సొరుగులోంచి వింత ధ్వనులు రాసాగాయి. లోపలి సర్క్యూట్ ఏదో లోహపు వస్తువుకు తగిలి షార్టయింది. మరొకరైతే బ్యాటరీ పీకేసి ఊరుకునేవారు. పొరపాటున తగిలితేనే ఇలా పలికింది, కావాలని తగిలిస్తే ఎలా పలుకుతుందో చూద్దామనుకున్నాడు గజాలా. ఈ పనికి 1992లో ఆయనే 'సర్క్యూట్ బెండింగ్' అని పేరు పెట్టాడు. నిజానికి ఇందులో వంచేదేమీ లేదు. కరెంటు నడిచే దారిని మళ్లించడమే.

అటకమీద మూలపడిన చవక కీబోర్డు ఇందుకు చక్కగా పనికొస్తుంది. అయితే బ్యాటరీలతో నడిచేదాన్నే విప్పాలి, అడాప్టర్ తగిలించి ఉండగా మూత తెరవరాదు. మెయిన్స్ కరెంటుతో నేరుగా నడిచే ఏ పరికరం జోలికీ పోవద్దు. ప్లగ్గు తీసేసినా దాని కెపాసిటర్లలో ప్రమాదకరమైన ఛార్జి మిగిలి ఉండవచ్చు.

మూత తీశాక మొదట వెతకవలసింది క్లాక్ సర్క్యూట్‌ను. చిప్‌కు అది గుండెలాంటిది, సెకనుకు లక్షలసార్లు కొట్టుకుంటుంది. చాలా కీబోర్డులలో స్వరాలన్నీ ఈ ఒక్క స్పందన మీదే ఆధారపడతాయి. దాని వేగాన్ని కొన్నిటిలో ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్ కలిసి నిర్ణయిస్తాయి. ఏదైనా మెట్టు నొక్కి పట్టుకుని, తడివేలితో చిప్ పక్కనున్న రెసిస్టర్లను ఒక్కొక్కటిగా తాకి చూడండి. దేన్ని తాకితే శృతి పెరిగిందో మనకు కావలసింది అదే. మీ వేలు దానికి సమాంతర నిరోధంగా పనిచేసింది, మొత్తం నిరోధం తగ్గింది, కెపాసిటర్ త్వరగా నిండింది, గుండె వేగం హెచ్చింది.

ఆ రెసిస్టర్ 47 కిలో ఓములది అనుకుందాం. దాన్ని తీసేసి, 22 కిలో ఓముల రెసిస్టర్‌ను, 100 కిలో ఓముల వాల్యూమ్ కంట్రోల్‌ను శ్రేణిలో కలిపి అక్కడ సోల్డర్ చేయాలి. చిన్న రెసిస్టర్ ఎందుకంటే, మీట పూర్తిగా తిప్పినప్పుడు నిరోధం సున్నా అయితే చిప్ ఆ వేగం తట్టుకోలేక ఆగిపోతుంది. మొత్తం నిరోధం 94 కిలో ఓములకు చేరితే పౌనఃపున్యం సుమారు సగమవుతుంది. అంటే మధ్యస్థాయి షడ్జం మంద్రస్థాయికి దిగుతుంది.

ఎంత తిప్పినా స, ప ల మధ్య 2:3 నిష్పత్తి మాత్రం చెదరదు. అన్ని స్వరాలూ కలిసే దిగుతాయి. తాళం కూడా అదే క్లాక్‌తో నడిస్తే లయ కూడా మందగిస్తుంది. క్యాసెట్ల రోజుల్లో టేపురికార్డర్ బ్యాటరీలు అయిపోవచ్చినప్పుడు పాట సాగిపోవడం మీ నాన్నగారికి గుర్తుండే ఉంటుంది. ఇక్కడ జరిగేదీ అలాంటిదే. క్రిస్టల్ వాడిన కీబోర్డు మాత్రం మొండిఘటం, రెసిస్టర్ మార్చినా లొంగదు.

1980ల మధ్యలో వచ్చిన క్యాసియో ఎస్‌కె-1 కథ వేరు. 32 మెట్ల ఈ బుల్లి కీబోర్డు మన గొంతును 1.4 సెకన్లపాటు రికార్డు చేసుకుని స్వరాలుగా పలికించేది. ధ్వని దానికి 8 బిట్ల సంఖ్యల వరుస. ఆ బిట్లు మెమరీ చిప్ నుంచి ఎనిమిది దారుల్లో వస్తాయి. రెండు దారులను వైరుతో కలిపితే రెండింటిలోనూ ఒకే బిట్ నడుస్తుంది, సంఖ్య తప్పుతుంది, వేణువు గరగరమంటుంది. ఏ రెండు కలిపితే ఏమవుతుందో తయారీదారు పుస్తకంలో దొరకదు, విని రాసుకోవలసిందే. ఇది చిలిపిపని కాదా అంటే, రాసుకోకపోతే చిలిపిపనే!

బ్యాటరీ ధన ధ్రువానికి పోయే దారిని మాత్రం ముట్టుకోవద్దు. నేను విప్పిన మొదటి కీబోర్డు అలాగే శాశ్వతంగా మూగబోయింది. ఏదైనా వైరు తగలగానే ధ్వని ఆగిపోతే దాన్ని వెంటనే తీసేసి, బ్యాటరీలు ఒక నిమిషం బయట ఉంచి మళ్లీ వేయండి. చాలాసార్లు అది తిరిగి లేస్తుంది. చిప్ వేడెక్కితే మాత్రం ఆ రెండు బిందువుల పక్కన ఎర్ర సిరాతో గుర్తు పెట్టుకోండి.