అలక వేరు, అదుపు వేరు

యుక్తవయసు పిల్లల మధ్య ప్రేమ పేరుతో మొదలైన పరిచయాల్లో తగవు వస్తే ఏం జరుగుతుంది? మాటామాటా పెరుగుతుంది, నంబరు బ్లాక్ చేస్తారు, రాత్రికి క్షమాపణల సందేశాలు వస్తాయి. ఇంతవరకూ పిల్లతనమే. కానీ పాస్‌వర్డు ఇమ్మని నిర్బంధించడం, విడిపోతే చచ్చిపోతాననడం, ఫొటోలు అందరికీ పంపుతానని బెదిరించడం అలకలు కావు. వీటినే గాఢమైన ప్రేమగా పొరబడే పిల్లలను మేము చూస్తున్నాము.

నికాహ్‌కు వెలుపల ఇటువంటి సాన్నిహిత్యాన్ని ధర్మం అనుమతించదు. ఆ మాట పిల్లలకు స్పష్టంగా చెప్పాలి. అయితే అంతటితో మన బాధ్యత తీరదు. ఇంట్లో తెలిస్తే చదువు మాన్పిస్తారనే భయం ఆడపిల్ల నోరు కట్టేస్తుంది. బెదిరించేవాడి బలమంతా ఆ భయమే.

కలహాన్ని చక్కదిద్దుకోవడం పిల్లలు ఇంట్లోనే నేర్చుకుంటారు. తండ్రి కోపంతో గిన్నె విసిరినా, తల్లి వారాల తరబడి మాట మానేసినా అదే వారికి పాఠం.

ఒకనాడు దైవప్రవక్త (స) తమ కుమార్తె హజ్రత్ ఫాతిమా (రజి) ఇంటికి వెళ్లారు. అల్లుడు హజ్రత్ అలీ (రజి) ఇంట లేరు. ఇద్దరి మధ్యా మాటపట్టింపు వచ్చిందని, ఆయన కోపంతో వెళ్లిపోయారని ఆమె చెప్పారు. ప్రవక్త (స) ఆయన ఎక్కడున్నారో కనుక్కొని మస్జిద్‌కు వెళ్లారు. అలీ (రజి) నేలపై పడుకొని ఉన్నారు. పైవస్త్రం జారి ఒంటికి మట్టి అంటింది. ఆ మట్టిని స్వయంగా తుడుస్తూ, 'అబూ తురాబ్' అని పిలిచి లేపారు. మట్టి అంటినవాడా అని దాని భావం. ఆ పేరు అలీ (రజి) గారికి అత్యంత ప్రీతిపాత్రమైందని బుఖారీ హదీసు గ్రంథం తెలుపుతోంది.

భర్త కలహాన్ని సాగదీయక పక్కకు తప్పుకున్నారు. కుమార్తె జరిగింది తండ్రికి దాచకుండా చెప్పగలిగారు. తండ్రి తప్పొప్పుల విచారణకు కూర్చోలేదు. మన ఇళ్లలో కొరవడింది ముఖ్యంగా ఈ రెండవది, మూడవది.

కోపం వస్తే నిలుచున్నవారు కూర్చోవాలని, అప్పటికీ తగ్గకపోతే పడుకోవాలని ప్రవక్త (స) బోధించారు. కోపంలో ఫోను పక్కన పెట్టడమూ ఈ కోవలోనిదే. ఈ అలవాటు ముందు పెద్దలకు ఉండాలి.

బిడ్డ భయంతో వచ్చి చెప్పుకుంటే ముందు వినండి, మందలింపు తరువాత. చచ్చిపోతానన్న మాటను తేలికగా తీసుకోక, అన్నవారి పెద్దలకు వెంటనే తెలియజేయండి. ఫొటోలతో బెదిరిస్తే డబ్బు ఇవ్వకండి, సందేశాలు చెరపకండి, పోలీసులకు ఫిర్యాదు చేయండి. పిల్లల సహాయానికి 1098, సైబర్ నేరాలకు 1930 నంబర్లు ఉన్నాయి. బిడ్డ పరువు కాపాడటమే కుటుంబం పరువు కాపాడటం.