సాగదీసిన వెలుతురు

హార్స్‌లీ కొండల బండల సందుల్లో తిరిగే పసుపుగొంతు పికిలిపిట్ట పొడవు దాదాపు 20 సెంటీమీటర్లు. మనిషి అలికిడైతే పొదలోకి జారుకునే పిట్ట. 30 మీటర్ల దూరం నుంచి 400 మిల్లీమీటర్ల జూమ్ లెన్స్‌తో తీస్తే సెన్సర్ మీద పడే దాని బొమ్మ 2.7 మిల్లీమీటర్లు. 36 మిల్లీమీటర్ల వెడల్పున్న సెన్సర్‌లో అది పదమూడో వంతు. మదనపల్లె పక్కన రిషీవ్యాలీలోనో, ఈ కొండల మీదనో పిట్టల ఫొటోలు తీసేవాళ్లకు ఈ లెక్క తెలియకపోయినా ఈ వెలితి బాగా తెలుసు. దాన్ని పూడ్చుకోవడానికి కొనేదే టెలికన్వర్టర్. లెన్స్‌కీ కెమెరాకీ మధ్య బిగించే, అరచేతిలో ఇమిడే గాజుల గొట్టం అది. ఎక్కువగా దొరికేవి రెండు రకాలు: బొమ్మను 1.4 రెట్లు చేసేది, 2 రెట్లు చేసేది. డబ్బు పెట్టేటప్పుడు మనసు పెద్ద అంకె వైపే లాగుతుంది. జూమ్ లెన్స్ ఉన్నవాళ్లు చిన్న అంకెనే ఎంచుకోవాలనీ, కొన్ని కెమెరాలకైతే అదీ అక్కర్లేదనీ నా వాదన. ఎందుకో తెలియాలంటే ఆ గొట్టంలో వెలుతురు ఎలా నడుస్తుందో చూడాలి.

లెన్స్ దాటి వచ్చిన వెలుతురు శంకువులా సన్నబడుతూ పోయి సెన్సర్ మీద ఒక బిందువు దగ్గర, అంటే నాభి దగ్గర, కలుస్తుంది. ఆ కలిసే చోటుకు కాస్త ముందు ఒక పుటాకార కటకాన్ని నిలబెడితే కిరణాలు అంత త్వరగా కలవలేవు. శంకువు ఇంకా సన్నగా, ఇంకా పొడవుగా సాగి, వెనక ఎక్కడో కలుస్తుంది. సెన్సర్ వైపు నుంచి చూస్తే ఆ సన్నటి శంకువు మరింత దూరాన ఉన్న లెన్స్ నుంచి వస్తున్నట్టే ఉంటుంది. ముందున్న లెన్స్‌లో ఒక్క గాజును కదపకుండానే దాని నాభ్యంతరం పెరిగిపోయిందన్నమాట. 80 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల పుటాకార కటకాన్ని పాత నాభికి 40 మిల్లీమీటర్ల ముందు పెడితే, కొత్త నాభి కటకానికి 80 మిల్లీమీటర్ల వెనక ఏర్పడుతుంది. 40 కాస్తా 80 అయింది కాబట్టి బొమ్మ రెట్టింపు. అదే కటకాన్ని 23 మిల్లీమీటర్ల ముందు పెడితే కొత్త నాభి 32 దగ్గర పడుతుంది, బొమ్మ 1.4 రెట్లవుతుంది. మొదటి అమరికలో నాభి 40 మిల్లీమీటర్లు వెనక్కి జరిగింది, రెండోదానిలో 9 మాత్రమే. ఆ జరుగుబాటుకు చోటివ్వడానికే కన్వర్టర్‌కు గొట్టం కావాలి, 2 రెట్ల గొట్టం 1.4 రెట్లదానికన్నా పొడవుగా ఉండేదీ అందుకే. నిజమైన కన్వర్టర్‌లో ఒక్క గాజు సరిపోదు. రంగులు విడిపోకుండా, అంచులు చెదరకుండా చూడడానికి ఏడెనిమిది గాజులు పేరుస్తారు. పని మాత్రం ఇదే.

ఇంత జరిగినా మారనిది ఒకటుంది. అది లెన్స్ ముందు తలుపు. 400 మిల్లీమీటర్లు, ఎఫ్/5.6 అంటే వెలుతురు దూరే రంధ్రం వ్యాసం 71 మిల్లీమీటర్లు. కన్వర్టర్ తగిలించాక నాభ్యంతరం 560 అయినా, 800 అయినా రంధ్రం 71 దగ్గరే ఉంటుంది. కాబట్టి ఎఫ్ నంబరు మొదటి సందర్భంలో 8కి, రెండోదానిలో 11కి దిగజారుతుంది. అదే గరిటెడు పిండితో పెద్ద దోసె పోస్తే పలచబడినట్టు, అదే వెలుతురు రెండింతల వైశాల్యానికో నాలుగింతల వైశాల్యానికో పరుచుకుంటుంది. దీన్నే ఒక స్టాపు పోయింది, రెండు స్టాపులు పోయాయి అంటారు. ఆ మాటతో నాకు కొంత పేచీ ఉంది. షట్టర్ వేగం మార్చకపోతే పికిలిపిట్ట నుంచి లెన్స్‌లోకి వచ్చిన వెలుతురు కన్వర్టర్ ఉన్నా లేకపోయినా ఇంచుమించు ఒకటే. అది ఎక్కువ పిక్సెళ్లకు పంచబడింది, అంతే. పోయిందేమీ లేదు, వచ్చిందీ లేదు. వివరాల సంగతీ అంతే: ఎంత సన్నటి ఈకను విడదీయగలమన్నదానికి ఆఖరి హద్దు ఆ 71 మిల్లీమీటర్ల రంధ్రమే.

కుప్పానికి ఆగ్నేయంగా, గాలిదారిన సుమారు 50 కిలోమీటర్లలో, జవ్వాది కొండల మీద కావలూరు వేధశాల ఉంది. ఈ సూత్రాన్ని అంతకన్నా పెద్ద అక్షరాలతో ఎక్కడా రాయలేరు. హైదరాబాదు నిజాం కాలేజీలో చదివిన ఖగోళ శాస్త్రజ్ఞుడు వైణు బప్పు తలపెట్టిన 2.34 మీటర్ల దూరదర్శిని అక్కడ పనిచేస్తోంది. ఆయన 1982లో పోయారు, అది 1986లో ఆయన పేరుతో జాతికి అంకితమైంది. దాని పెద్ద అద్దం ఒంటరిగా పనిచేస్తే ఎఫ్/3.25. వెలుతురు కలిసే చోటుకు ముందు ఒక చిన్న కుంభాకార దర్పణం పెడితే ఎఫ్/13. ఆ చిన్న అద్దం చేసేది మన పుటాకార కటకం చేసే పనే. అంటే అది 4 రెట్ల కన్వర్టర్. నాభ్యంతరం 7.6 మీటర్ల నుంచి 30 మీటర్లు దాటుతుంది. అయినా అక్కడి ఖగోళ శాస్త్రజ్ఞులు ప్రతి పనికీ పెద్ద అంకెను వాడరు. మసకగా, వెడల్పుగా పరుచుకున్న వస్తువులకు ఎఫ్/3.25 నాభి అనువు. చిన్నదాన్ని విడదీసి చూడాలంటే ఎఫ్/13 కావాలి. ఏ నాభి దగ్గర పరికరం పెట్టాలన్నది ఆకాశంలోని వస్తువూ, పరికరంలోని పిక్సెల్ సైజూ కలిసి తేలుస్తాయి. ఫొటోగ్రాఫర్ కన్వర్టర్ ఎంచుకోవాల్సిందీ సరిగ్గా ఇలాగే.

కన్వర్టర్ పుట్టిల్లు కూడా ఆకాశమే. కుంభాకార, పుటాకార కటకాలను జతచేస్తే పెద్ద బొమ్మ తెరమీద పడుతుందని కెప్లర్ 1611లోనే రాశాడు. ఇంగ్లండులో గణితం బోధించే పీటర్ బార్లో 1830లలో ఒక పుటాకార కటకాన్ని లెక్కగట్టాడు, జార్జ్ డాలండ్ దాన్ని సానబట్టాడు, విలియం డాస్ దానితో జంట నక్షత్రాల మధ్య ఎడం కొలిచాడు. ఈరోజుకీ చిన్న దూరదర్శినుల పెట్టెల్లో వచ్చే బార్లో లెన్స్ అదే. కెమెరాలోకి వచ్చేసరికి పోటీ మొదలైంది. 1891లో లండన్‌లో డాల్‌మేయర్, జర్మనీలో మీతె, స్టైన్‌హైల్, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా, ముందు కుంభాకారం, వెనక పుటాకారం పెట్టి టెలిఫొటో కట్టారు. మొదట ఎవరిదన్న తగాదా చాలాకాలం నడిచింది. నాకు ముచ్చటగా తోచేది తగాదా కాదు, ఆ తొలి పరికరాల రూపం. మామూలు లెన్స్ వెనక పుటాకార కటకాన్ని బిగించి, రెంటి మధ్య ఎడం మారుస్తూ బొమ్మను పెంచుకునేవాళ్లు. అంటే టెలిఫొటో లెన్స్ అన్నది టెలికన్వర్టర్‌గానే మొదలైంది. బొమ్మ మసకబారడం చూసి, తర్వాతివాళ్లు ముందు వెనక గాజులను ఒకదాని లోపం ఒకటి దిద్దేలా కలిపి రూపకల్పన చేశారు. విడి కన్వర్టర్ మళ్లీ అవసరమైంది లెన్సులు మార్చుకునే ఎస్ఎల్ఆర్ కెమెరాలు ఇంటింటికీ వచ్చాకనే.

ఇక బలమైన అభ్యంతరం: వెలుతురూ అంతే, హద్దూ అంతే అయితే ఫొటో తీశాక కంప్యూటర్‌లో క్రాప్ చేసుకుంటే పోదా? పోతుంది, పిక్సెళ్లు సన్నవైతే. వెలుతురు తరంగం కాబట్టి ఎంత మంచి లెన్స్ అయినా నక్షత్రాన్ని చుక్కగా కాక చిన్న బిళ్లగా గీస్తుంది. ఎఫ్/5.6 దగ్గర ఆ బిళ్ల వ్యాసం 7.5 మైక్రాన్లు, ఎఫ్/8 దగ్గర 11, ఎఫ్/11 దగ్గర 15. ఇప్పుడు 24 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, అంటే 36 మిల్లీమీటర్ల వెడల్పు సెన్సర్ ఉన్నది, తీసుకుందాం. దాని పిక్సెల్ 6 మైక్రాన్లు. 7.5 మైక్రాన్ల బిళ్ల ఒక పిక్సెల్‌కు కాస్త ఎక్కువ, అంతే. లెన్స్ అందించిన వివరంలో కొంత పిక్సెల్ కడుపులోనే పోతోంది. 1.4 కన్వర్టర్ దాన్ని బయటికి తెస్తుంది, క్రాప్ తేలేదు. అదే 24 మెగాపిక్సెళ్లు చిన్న ఏపీఎస్-సీ సెన్సర్‌లో ఉంటే పిక్సెల్ 4 మైక్రాన్ల లోపే. అక్కడ కన్వర్టర్ లేకుండానే బిళ్ల రెండు పిక్సెళ్ల మీద పరుచుకుంది. 2 రెట్లు తగిలిస్తే నాలుగు పిక్సెళ్ల వెడల్పున పడుతుంది. బొమ్మ పెరుగుతుంది, అందులో కొత్త సంగతి దాదాపు ఏమీ ఉండదు. గణితం ప్రకారం ఇంకా కొంత మిగిలి ఉందని ఎవరైనా చూపించవచ్చు, అది నిజం కూడా. కానీ ఆ మిగులు దక్కాలంటే లెన్స్‌లో వేరే లోపమే ఉండకూడదు. పూర్తిగా తెరిచిన రంధ్రంతో, పొడవైన కొస దగ్గర ఏ మామూలు జూమ్ లెన్సూ అంత నిర్దోషిగా ఉండదు. కన్వర్టర్ ఆ లోపాలనూ అదే నిష్పత్తిలో పెంచి చూపిస్తుంది. ఎఫ్/2.8 పెద్ద లెన్సులు 2 రెట్లను భరిస్తాయంటే ఆ మిగులు వాటిలో ఉంది కాబట్టే.

చేతి వణుకు సంగతి చూస్తే 2 రెట్ల మీద నా అనుమానం ఇంకా పెరుగుతుంది. సెన్సర్ సున్నితత్వాన్ని, అంటే ఐఎస్ఓని, పెంచకుండా ఉందామంటే షట్టర్ నాలుగింతల సేపు తెరిచి ఉంచాలి. ఆ సేపట్లో జరిగే కదలిక రెట్టింపు పెద్దదై సెన్సర్ మీద పడుతుంది. వెరసి మరక ఎనిమిదింతలు. 1.4కి అది మూడింతల లోపే. ఐఎస్ఓ పెంచితే ఈ బాధ తప్పుతుంది, కానీ ఆటోఫోకస్ బాధ తప్పదు. లెన్స్ రెండు అంచుల నుంచి వచ్చే కిరణాలను పోల్చి దూరం పట్టేవి పాత ఎస్ఎల్ఆర్‌లు. శంకువు సన్నబడితే ఆ అంచు కిరణాలే ఉండవు. అందుకే చాలా కెమెరాల్లో ఎఫ్/5.6 దాటితే, కొన్నిటిలో ఎఫ్/8 దాటితే, ఫోకస్ పని మానేసేది. లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలు వచ్చాక ఈ గోడ పడిపోయింది. అయినా సందె వెలుగులో ఎఫ్/11 దగ్గర వాటికీ తడబాటు ఉంటుంది.

జూమ్‌కు మరో చిక్కు ఉంది. కన్వర్టర్ ముందు గాజు లెన్స్ వెనక భాగంలోకి చొచ్చుకుపోతుంది. లోపల చోటు లేని జూమ్‌లకు అది అసలు పట్టదు. కానన్ ఆర్ఎఫ్ 100-500కి పడుతుంది గానీ, 300 నుంచి 500 వరకే జూమ్ తిరుగుతుంది. 1.4తో అది 420-700 అవుతుంది. మీటరు ఎత్తు కూడా లేని పుంగనూరు ఆవు పది మీటర్ల దూరంలోకి వస్తే, 420 దగ్గర దాని బొమ్మ 38 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. సెన్సర్ ఎత్తు 24. కన్వర్టర్ తీసేస్తే తప్ప ఆవు పట్టదు. కన్వర్టర్‌ను లోపలే దాచుకుని, మీట తిప్పితే దారిలోకి తెచ్చే కానన్ 200-400 లాంటి జూమ్‌లు 2013 నుంచి ఈ చిక్కు తీర్చాయి. వాటి ధర లక్షల్లో ఉంటుంది.

దూరానికి కన్వర్టరే మందు అనుకోవడానికి కౌండిన్య అభయారణ్యం ఏనుగులు మంచి కారణంగా కనిపిస్తాయి. 1980లలో పక్క రాష్ట్రాల అడవుల నుంచి కుప్పం, పలమనేరు వైపు వచ్చి నిలిచిన ఏనుగులవి. దగ్గరికి వెళ్లకూడదు, వెళ్లనక్కర్లేదు కూడా: 300 మీటర్ల దూరాన మూడు మీటర్ల ఏనుగు 400 లెన్స్‌లో 4 మిల్లీమీటర్లు పడుతుంది, పికిలిపిట్ట కన్నా ఎక్కువే. అంత దూరం మీద ఎండాకాలపు పగలు బొమ్మను చెరిపేది పిక్సెల్ కాదు, నేల నుంచి లేచే వేడిగాలి అల్లాడడం. ఏ కన్వర్టరూ ఆ అల్లాటను తగ్గించలేదు, దాన్నీ పెంచి చూపిస్తుంది. నేల వేడెక్కకముందు, తెల్లవారిన తొలి గంటలో, 24 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 200-600 జూమ్, దాని వెనక దాని కంపెనీదే 1.4 కన్వర్టర్ తగిలించి 840 మిల్లీమీటర్లు, ఎఫ్/9 దగ్గర తీయడం వీలైన పని. ఎండ ముదిరాక కన్వర్టర్‌ను సంచిలో పెట్టేసి, ఏనుగు చుట్టూ ఉన్న అడవిని కూడా ఫ్రేమ్‌లోకి రానివ్వడం మేలు.