సూర్యుడు నోరు మూయించిన రేడియో

2017 సెప్టెంబర్ 6. ఇర్మా హరికేన్ బార్బుడాను తుడిచిపెట్టి, సెయింట్ మార్టిన్‌ను దాటి వర్జిన్ దీవుల వైపు వెళ్తోంది. సెల్ టవర్లు కూలిన చోట దిక్కు హామ్ రేడియోనే. సరిగ్గా అప్పుడే, అక్కడి సమయం ప్రకారం ఉదయం 8 గంటలకు, షార్ట్‌వేవ్ మూగబోయింది. మధ్యాహ్నం దాకా సరిగా కోలుకోలేదు. లోపం పరికరాలది కాదు. సూర్యుడిపై ఎక్స్9.3 స్థాయి జ్వాల ఎగసింది. 2005 తర్వాత అంత పెద్దది లేదు.

షార్ట్‌వేవ్ సంకేతం దూరతీరాలకు చేరాలంటే భూమికి సుమారు 300 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఎఫ్ పొర దాన్ని తిరిగి కిందికి వంచాలి. ఆ పొరను తయారుచేసేది సూర్యుడి అతినీలలోహిత కిరణాలే. మచ్చలు ఎక్కువైతే పొర చిక్కబడుతుంది. అందుకే 11 ఏళ్ల సౌరచక్రం ఉచ్ఛదశలో 28 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో కొద్ది వాట్లతోనే ఖండాలు దాటి మాట్లాడొచ్చు. హామ్‌లకు అది పండగే.

చిక్కంతా 60 నుంచి 90 కిలోమీటర్ల మధ్య ఉండే డి పొరతో. జ్వాల నుంచి వచ్చే ఎక్స్‌రేలు అక్కడ ఎలక్ట్రాన్లను ఒక్కసారిగా పెంచేస్తాయి. గాలి దట్టంగా ఉండే ఆ ఎత్తులో అవి అణువులను ఢీకొంటూ సంకేతం శక్తిని మింగేస్తాయి. తక్కువ ఫ్రీక్వెన్సీలకు దెబ్బ ఎక్కువ, కోలుకునేదీ అవే ఆలస్యంగా. పగలున్న సగం భూమికే ఈ బాధ, రాత్రి వైపు మామూలే. ఎక్స్‌రేలు కాంతి వేగంతో వస్తాయి కాబట్టి జ్వాల కనిపించేసరికే నష్టం జరిగిపోతుంది. సూర్యుడు విసిరే ప్లాస్మా మేఘం సంగతి వేరు. దానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1 లాంటి నౌకలు దాన్ని ముందే పసిగట్టగలవు.

ఇది మనకు దూరపు కథేమీ కాదు. హుద్‌హుద్ విశాఖను తాకింది 2014 అక్టోబర్ 12న. అప్పుడు హామ్‌లే సందేశాలు చేరవేశారు. వారం తిరిగేసరికి ఆ సౌరచక్రంలోకెల్లా అతిపెద్ద మచ్చ భూమి వైపు తిరిగి, ఆరు ఎక్స్ స్థాయి జ్వాలలు చిమ్మింది. మొదటిది 19న, మనకు ఉదయం పదిన్నర ప్రాంతంలో. ఆ వారం తేడా కేవలం అదృష్టం.

ఊళ్లో వాడే వీహెచ్ఎఫ్ హ్యాండ్‌సెట్లు అయనావరణంపై ఆధారపడవు. వాటికి ఈ దెబ్బ తగలదు. ఊరి నుంచి రాజధానికి చేరాల్సిన మాటే ఆగిపోతుంది. అప్పుడు ఆపరేటర్ పై ఫ్రీక్వెన్సీకి మారి చూడాలి, లేదంటే డి పొర పలచబడేదాకా ఆగాలి.